గగన్‌మహల్ దగ్గర ముప్పై అయిదు నిమిషాలు

మేనేజర్ గారికి,

విషయం: ‘పెనుకొండ కోట – బెంగళూరు ఎయిర్‌పోర్ట్ డ్రాప్’ ప్యాకేజీలో సేవా లోపం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

పోయిన ఆదివారం మీ కారులో అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయానికి వెళ్ళిన భార్యాభర్తలం మేము. ఈ ఉత్తరం దోహాలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆ రోజే ఫోన్ చేశాను. మీ ఆఫీసు కుర్రాడు ‘ఫ్లైట్ మిస్ కాలేదు కదా సార్, ఇంక ప్రాబ్లెమ్ ఏముంది’ అన్నాడు. ప్రాబ్లెమ్ ఏమిటో వివరంగా చెప్పడానికే ఇది.

ఉత్త డ్రాప్ కావాలంటే అనంతపురంలో కార్లకు కరువు లేదు. మీ దగ్గరకు రావడానికి కారణం మీరు వాట్సాప్‌లో పంపిన కాగితం: పెనుకొండ కోట, గగన్‌మహల్ దగ్గర రెండున్నర గంటలు, లోకల్ గైడ్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఆరుకు ఎయిర్‌పోర్టు. మా ఫ్లైట్ రాత్రి 10:05కి. లెక్క చక్కగా సరిపోయింది. మొత్తం 6,800 రూపాయలు, అందులో గైడ్‌కి 900. ముందే కట్టేశాను.

మా ఇంటామె పుట్టిల్లు పెనుకొండ. అమ్మానాన్నలు పోయాక, ఇల్లు అమ్మేశాక, ఆ ఊరికి పోవడానికి ఆమెకు సాకే లేకుండా పోయింది. హైవే మీద వెళ్ళినప్పుడల్లా కొండను చూసి తల తిప్పుకునేది. ఈసారి నెలల తరబడి దేశం దాటి పోతున్నాం, ఒకసారి మహల్ చూసి పోదామని తనే అడిగింది. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె నన్ను ఇలా నోరు తెరిచి అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తొమ్మిదిన్నరకు రావాల్సిన కారు పదీ పదికి వచ్చింది. దారిలో డీజిల్, డ్రైవర్‌కి టీ. సరే, అదేం పెద్ద మాట కాదు. మహల్ ముందు దిగేసరికి 11:50. గైడ్ లేడు. అడిగితే డ్రైవరే ‘నేను చెప్తాను సార్, ఇది టిప్పు సుల్తాన్ ప్యాలెస్’ అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు మీకెవరికైనా చూపించాల్సింది.

900 రూపాయల గైడ్ చెప్పాల్సింది ఇదీ. పెనుకొండ విజయనగర రాజుల రెండో ఇల్లు. ఎండాకాలం విడిదికి వాళ్ళు ఈ మహల్‌కే వచ్చేవారంటారు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపి వదిలి, ఏనుగుల మీద ఖజానా వేసుకుని ఇక్కడికే వచ్చాడు. ఆ తర్వాత రాజధాని ఇదే. వెంకటపతిరాయల కాలంలో అది చంద్రగిరికి మారింది. ఓడిపోయి పారిపోయి వచ్చిన రాజును కూడా ఏళ్ళ తరబడి కూర్చోబెట్టుకున్న ఊరండీ ఇది. మాకు మాత్రం ముప్పై అయిదు నిమిషాలు.

ఆ ముప్పై అయిదు నిమిషాల్లో చూసింది కూడా రాయాలి, లేకపోతే మీరు ఏం పోగొట్టారో మీకు తెలియదు. కింద తురకపు పద్ధతిలో కోసుగా లేచిన కమానులు, పైన మన గుడి గోపురంలాంటి శిఖరం. రెండూ ఒకే భవనంలో ఏ పేచీ లేకుండా ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టగానే బయటి ఎండ తెలియలేదు, గోడలు అంత మందం. మా ఆవిడ చెప్పులు విడిచింది. ఇది గుడి కాదు కదా అన్నాను. ‘చిన్నప్పుడు ఇట్లే వచ్చేవాళ్ళం’ అని, సున్నం పెచ్చులూడిన ఒక మూల అరచేయి ఆనించి నిలబడింది. ‘చూడండి, ఇంకా సల్లగానే ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఈడే కూచునేవాళ్ళం. ఆ మెట్ల కింద దాక్కుంటే మా అక్కకు సాయంత్రం దాకా దొరికేదాన్ని కాదు.’ ఆ మెట్లు చూపిస్తానని నా చేయి పట్టుకుంది. మెట్ల దాకా పోయామో లేదో బయట హారన్. ఆ వెంటనే ఫోన్. ‘సార్, ఇంగ బయల్దేరండి, ఎయిర్‌పోర్టుకు లేటయితాది.’ టైము 12:25! ఫ్లైట్‌కి తొమ్మిదిన్నర గంటలు పైగా ఉంది.

నేను వాదించాను. అతను ‘బాగేపల్లి టోల్ దగ్గర జామ్, దేవనహళ్ళి దగ్గర జామ్’ అని టెన్షన్ పెట్టాడు. విదేశీ ప్రయాణం, చేతిలో పాస్‌పోర్టులు, మా ఆవిడే భయపడి ‘పోదాం పదండి’ అంది. పక్కపక్కనే ఉండే శివాలయం, రామాలయం చూడలేదు. బాబయ్య దర్గాకు వాళ్ళమ్మ మొక్కిన మొక్కు ఒకటి బాకీ ఉందట, అదీ తీరలేదు.

ఇక అసలు సంగతి. అంత తొందర ఉన్న మనిషి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తనకు తెలిసిన ధాబాలో యాభై నిమిషాలు ఆపాడు. దారిలో ఎక్కడా జామ్ లేదు. 3:20కి ఎయిర్‌పోర్టు. మా సూట్‌కేసులు ఇంకా డిక్కీలోనే ఉన్నాయి, అతను డ్యాష్‌బోర్డులోంచి వేరేవాళ్ళ పేరు రాసిన కాగితం బయటికి తీశాడు. నాలుగు గంటలకు దిగే వాళ్ళను అనంతపురానికి ఎక్కించుకోవాలట. ఆఫీసువాళ్ళే ఒకే కారుకు రెండు ట్రిప్పులు వేశారని అప్పుడు ఒప్పుకున్నాడు. పాపం అతన్ని ఏమీ అనకండి, పొద్దున అయిదు నుంచి స్టీరింగ్ మీదే ఉన్నాడట. తప్పు ట్రిప్పులు రాసినవాళ్ళది.

చెకిన్ కౌంటర్ తెరిచేదాకా మేము ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. అంత పెద్ద అద్దాల మేడలో ఆమె చూసిందేమీ లేదు. మోకాళ్ళు రుద్దుకుంటూ, ‘ఆ మెట్లు చూపించలేదు మీకు’ అని రెండుసార్లు అంది. దిగిన మర్నాడు మీ బిల్లు వచ్చింది: ‘వెయిటింగ్ ఛార్జీ 600’. ఎవరు ఎవరి కోసం వెయిట్ చేశారండీ? ధాబా దగ్గర మేమే కదా అతని కోసం కూర్చుంది!

రాని గైడ్ తాలూకు 900 వాపసు ఇవ్వండి. ఆ 600 బిల్లులోంచి కొట్టేయండి. రెండున్నర గంటలు అని రాసి అమ్మి, ముప్పై అయిదు నిమిషాలు ఇచ్చినందుకు ప్యాకేజీ డబ్బులో న్యాయమైన భాగం మీరే లెక్క కట్టి పంపండి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, అక్కడా తేలకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. మీ వాట్సాప్ కాగితం, రసీదు, డ్రైవర్ కాల్ వచ్చిన టైము, అన్నీ నా ఫోన్లో భద్రంగా ఉన్నాయి.

ఫిబ్రవరిలో తిరిగి వస్తాం. పోయిన డబ్బుకు బదులు ఆ రోజు ఒక కారు పంపుతామన్నా ఒప్పుకుంటాను. అయితే ఆ కారుకు అదొక్కటే ట్రిప్పు ఉండాలి. పెనుకొండలో మా ఇంటామె తనంతట తాను వచ్చి కారెక్కేదాకా హారన్ కొట్టకూడదు.

ఇట్లు,
మీ ప్రయాణికుడు,
సాయినగర్, అనంతపురం