కళాశాల అసలు లెక్క పీడీఎఫ్‌లో ఉంది

సంపాదక మహాశయా,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులొస్తే చాలు, ఇంజినీరింగ్ కళాశాలల హోర్డింగులన్నీ 'అత్యధిక ప్యాకేజీ' పాటే పాడతాయి. అది ఒక్క విద్యార్థి జీతం. మిగతావారి సంగతి తెలియాలంటే, కేంద్ర విద్యాశాఖ విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు ఆ కళాశాల పంపిన వివరాలు చూడాలి. 2016 నుంచి వెలువడుతున్న ఈ ర్యాంకింగ్‌లో పాల్గొనే కళాశాలలు ఆ పీడీఎఫ్‌ను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు రాకపోయినా సరే. కాకపోతే అది ఏ మూలనో ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి.

అందులో నాలుగేళ్ల యూజీ కోర్సు పట్టిక తెరవండి. ఎందరు చేరారు, గడువులో ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, పై చదువులకు ఎందరు వెళ్లారు, మధ్యస్థ జీతమెంత అన్నీ ఉంటాయి. కరపత్రాల్లో ప్లేస్‌మెంట్ శాతాన్ని పాసైనవారి మీద, ఒక్కోసారి 'అర్హుల' మీద మాత్రమే కడతారు. మీరు చేరినవారి మీద కట్టండి. 600 మంది చేరి, 400 మంది గడువులో పాసై, 300 మందికి ఉద్యోగాలొస్తే కరపత్రంలో 75 శాతం, మీ లెక్కలో 50. రెండో ఏడాదిలో లేటరల్ ఎంట్రీతో వచ్చినవారినీ చేరినవారిలో కలపడం మరవొద్దు. ఇక మధ్యస్థ జీతమంటే జీతాలను వరుసగా పేర్చినప్పుడు నడుమ నిలిచేది. సగటు జీతాన్ని ఒకరిద్దరి భారీ ప్యాకేజీలు పైకి లాగేస్తాయి, దీన్ని లాగలేవు.

ఈ పట్టికలో లోపమూ ఉంది. బ్రాంచీలవారీగా విడదీయదు. సివిల్‌లో చేరబోయేవారికి కంప్యూటర్ సైన్స్ ఉద్యోగాల లెక్క దేనికి? ఆ వివరం ప్లేస్‌మెంట్ విభాగాన్ని విడిగా అడగాలి. నీళ్లు నమిలితే అదే బ్రాంచి నాలుగో ఏడాది విద్యార్థులను కలవండి. ల్యాబ్‌లు నడిచే పనిదినాన వెళ్తేనే వాళ్లు దొరుకుతారు.

న్యాక్, ఎన్‌బీఏ రెండూ చదువు నాణ్యతను మదింపు చేసే సంస్థలు. న్యాక్ గ్రేడు కళాశాల మొత్తానిది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచిది. రెండింటికీ గడువుంటుంది, గేటు మీది బోర్డు మాత్రం గడువు తీరినా అలాగే ఉండిపోవచ్చు. అధ్యాపకుల జాబితా దొరికితే చేరిన తేదీలు చూడండి. ఎక్కువమంది తనిఖీలకు ముందు నెలల్లోనే చేరి ఉంటే అనుమానించాల్సిందే.

వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు తల్లిదండ్రులు చూసేది కిందటేడాది సీటు దక్కిన చివరి ర్యాంకులనే. కౌన్సెలింగ్ కన్వీనర్లు ఆ ర్యాంకుల పక్కనే ఒక్కో కళాశాల పట్టికకు లింకు ఇవ్వాలి. కొత్తగా సేకరించాల్సిన సమాచారమేమీ లేదు.

– ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులు కొందరు