వెల్డింగ్ రాడ్డుకు క్రెడిట్ ఉంది, వెల్డరుకు లేదు

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీలపై జీఎస్టీ ఎత్తివేశారు. మంచి పనే, కాదనేవారు లేరు. యజమాని తన దగ్గర పనిచేసేవారందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీని మాత్రం ఆ మినహాయింపులోకి రానివ్వలేదు. దానిపై 18 శాతం అలాగే ఉంచారు. పైగా ఆ కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును తాను ప్రభుత్వానికి కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు) కూడా ఇవ్వరు.

నేను ఒడిశాలోని రాయగడలో కొన్ని చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లకు లెక్కలు చూస్తుంటాను. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు మెట్లు, పైపులైన్లు, ట్యాంకుల మరమ్మతులు చేసిపెట్టే షెడ్లు ఇవి. పనివాళ్లలో స్థానికులతో పాటు పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఒక షెడ్డు పాలసీ బిల్లు ఇప్పుడు నా ముందు ఉంది. బీమా కంపెనీ విశాఖ శాఖలో తీసుకున్నది కాబట్టి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య లావాదేవీలపై పన్ను) అని ఒకే వరుస. ఒడిశాలో తీసుకుంటే కేంద్రానికి తొమ్మిది శాతం, రాష్ట్రానికి తొమ్మిది శాతం అని రెండు వరుసలు. ఎటు తిప్పినా లక్ష రూపాయల ప్రీమియానికి 18 వేల పన్ను. ఆ మొత్తం జీఎస్టీఆర్-2బీలో (కొనుగోళ్లపై పడిన పన్నును చూపే పట్టీలో) కళ్లెదుటే ఉంటుంది. పన్ను కట్టే రిటర్ను 3బీ దాఖలు చేసేటప్పుడు నాలుగో పట్టికలో దాన్ని నా చేతులతోనే తీసేయాలి. అదే నెలలో కొన్న వెల్డింగ్ రాడ్లకు, కటింగ్ డిస్కులకు, తోలు తొడుగులకు పూర్తి క్రెడిట్ వచ్చింది. తొడుగు మీద పన్ను తిరిగొచ్చింది, అందులోని చేతి మీద కట్టింది రాలేదు.

సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 17(5) సెక్షన్ దీన్ని అడ్డుకుంటోంది. ఏదైనా చట్టం ప్రకారం యజమాని తప్పనిసరిగా కల్పించవలసిన బీమా అయితే క్రెడిట్ తీసుకోవచ్చని అందులోనే ఒక వెసులుబాటు ఉంది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉన్న సవరణ అది. వినడానికి బాగానే ఉంటుంది. మామూలు షెడ్డుకు చట్టం తప్పనిసరి చేసిన ఆరోగ్య బీమా ఏది? ఈఎస్‌ఐ. ఈఎస్‌ఐ సేవలపై అసలు జీఎస్టీయే లేదు. అంటే పన్ను లేని చోట క్రెడిట్ ఇస్తారు, పన్ను ఉన్న చోట ఇవ్వరు! ఈఎస్‌ఐకి జీతం పరిమితిని 2017 జనవరిలో 21 వేలు చేశారు. చేయి తిరిగిన ఫిట్టరుకూ ఫోర్‌మన్‌కూ నెలకు అంతకన్నా ఎక్కువే ఇవ్వాల్సి వస్తోంది, అంటే వారికి ఈఎస్‌ఐ వర్తించదు. గ్రూపు పాలసీ తీసుకునేది ముఖ్యంగా వారి కోసమే.

కరోనా సమయంలో ఈ చిక్కు ఇంకా ముదిరింది. పనులు మళ్లీ మొదలుపెట్టాలంటే కార్మికులకు వైద్య బీమా తప్పనిసరి అని 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. తప్పనిసరి అని ప్రభుత్వమే చెప్పింది కదా అని క్రెడిట్ తీసుకుంటే, అది చట్టం చెప్పిన తప్పనిసరి అవుతుందా, కాదా అన్న వాదనకు తావు మిగిలింది.

బీమా ఉద్యోగి సొంత లాభం కోసమే కాబట్టి క్రెడిట్ ఇవ్వకూడదన్నది ప్రభుత్వ వాదన అనుకుందాం. అది అతని సొంత వ్యవహారమే అయితే, వ్యక్తిగత పాలసీకి ఇచ్చిన మినహాయింపు దీనికీ ఇవ్వాలి. వ్యాపార ఖర్చు అయితే క్రెడిట్ ఇవ్వాలి. రెండూ కాదనడం ఏ న్యాయం? ఆదాయపు పన్ను చట్టం ఈ ప్రీమియాన్ని యజమాని ఖర్చుగానే ఒప్పుకుంటోంది, ఉద్యోగి ఆదాయంలో కలపడం లేదు. ఒక శాఖకు అర్థమైనది ఇంకో శాఖకు ఎందుకు కాదో!

ఎవరి పాలసీ వాళ్లనే తీసుకోమని డబ్బు చేతికిస్తే సరిపోతుంది కదా అని ఒక యజమాని అడిగారు. పన్ను తప్పుతుంది, నిజమే. కానీ వ్యక్తిగత పాలసీలో ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగవలసి రావచ్చు. గ్రూపు పాలసీల్లో చాలావరకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. యాభై దాటి, షుగరు ఉన్న వెల్డరుకు ఈ తేడా చిన్నది కాదు. మా వైపు పెద్ద ఆపరేషన్ అంటే రైలెక్కి విశాఖ వెళ్లడమే. ఏ ప్రభుత్వ కార్డు ఏ రాష్ట్రంలో, ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే వాకబు చేసుకోవాలి. గ్రూపు పాలసీకి రాష్ట్రం హద్దు ఉండదు, బీమా కంపెనీ జాబితాలో ఆ ఆసుపత్రి పేరుంటే చాలు.

నా మటుకు మినహాయింపు కన్నా క్రెడిటే మేలు. మినహాయిస్తే బీమా కంపెనీలు తమ ఖర్చులపై కట్టిన పన్నుకు క్రెడిట్ కోల్పోతాయి, ఆ భారాన్ని ప్రీమియంలో కలిపే వీలుంది. అమ్మే సరుకుపై జీఎస్టీ లేనందున క్రెడిట్ అక్కరకు రాని, విడిగా బియ్యం అమ్మే మిల్లుల వంటి వాటి మాట వేరు, చిన్న గ్రూపులకు మినహాయింపు ఇచ్చి వాటిని ఆదుకోవచ్చు. జీఎస్టీ మండలిలో రాష్ట్రాల ఓట్లన్నిటికీ ఒకే బరువు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కలిసి అడిగితే 17(5)లో ‘చట్టం ప్రకారం తప్పనిసరి’ అన్న షరతును ఉద్యోగుల ఆరోగ్య బీమా వరకైనా తొలగించాలన్న ప్రతిపాదన చర్చకు వస్తుంది. రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖలూ వచ్చే సమావేశానికి ముందే దీన్ని రాతపూర్వకంగా పంపాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా