ఆఖరి గ్లాసు పోసింది ఎవరు?

ఒరేయ్ శీనూ,

టెక్సాస్‌లో మన రెస్టారెంట్ లెక్కల షీట్ పంపితే అద్దె చూసి ఏమీ అనలేదు, వంటవాళ్ల జీతాలు చూసి ఏమీ అనలేదు గానీ, "లిక్కర్ లయబిలిటీ ఇన్సూరెన్స్" (మనం పోసిన మందు వల్ల ఎవరికైనా నష్టమైతే ఆదుకునే బీమా) అన్న వరస దగ్గర మాత్రం గుడ్లు తేలేశావు. "ఎవడో తాగి ఎవడినో గుద్దితే మనకేంట్రా, స్టీరింగ్ మనం పట్టుకున్నామా?" అని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ మా ఆవిడ కూడా వింది, నీ వైపే మాట్లాడింది. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావు కాబట్టి రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

తాగినవాడు చేసిన నష్టానికి మందు పోసిన వ్యాపారాన్ని కూడా బాధ్యుణ్ని చేసే చట్టాన్ని ఇక్కడ డ్రామ్ షాప్ చట్టం అంటారు. పూర్వం ఇంగ్లండ్‌లో జిన్నుని డ్రామ్ అనే చిన్న కొలతతో అమ్మే కొట్లని అలా పిలిచేవాళ్లు, మన లెక్కలో పెగ్గు కొట్టు అనుకో. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు, టెక్సాస్‌ది మాత్రం 1987 నాటిది. ఎల్ చికో అనే మెక్సికన్ రెస్టారెంట్లో తాగి వెళ్లినవాడు సిగ్నల్ దాటి ఒకరి ప్రాణం తీస్తే, పోసినవాడికీ బాధ్యత ఉందని ఆ ఏడే టెక్సాస్ సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు అసెంబ్లీ కూడా చట్టం చేసింది. అందులో అసలు ముక్క ఒకటే. తనకీ ఎదుటివాళ్లకీ ప్రమాదం అనేంత మత్తులో మనిషి ఉన్నాడని పోసేవాడికి కళ్లెదుట కనపడుతున్నా పోసి, ఆ మత్తు వల్లే ఎవరికైనా దెబ్బ తగిలితే, పోసిన వ్యాపారం నష్టపరిహారం కట్టాలి. ఊరికే మందు పోయడం తప్పు కాదు, తూలుతున్నవాడికి ఇంకోటి పోయడం తప్పు.

ఇంకో విచిత్రం చెబితే నవ్వుతావు. దెబ్బ తగిలిన మూడోమనిషే కాదు, ఆ తాగినవాడు కూడా "నన్ను చూసి కూడా ఎందుకు పోశావు" అని మన మీద కేసు వెయ్యొచ్చు! కాకపోతే తప్పులో సగానికి మించి వాడిదేనని జ్యూరీ తేలిస్తే వాడికి పైసా రాదు.

డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ నీకు తెలుసు కదా, నువ్వొచ్చినప్పుడు దోసకాయలూ గోంగూరా కొన్నాం. 2012 డిసెంబర్లో డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు జాష్ బ్రెంట్ క్లబ్బులో తాగి కారు నడిపి ఆ ఊళ్లోనే బోల్తా కొట్టించాడు. పక్క సీట్లో ఉన్న సాటి ఆటగాడు జెర్రీ బ్రౌన్ చనిపోయాడు. బ్రెంట్‌కి 2014లో శిక్ష పడింది, 180 రోజుల జైలూ పదేళ్ల ప్రొబేషనూ. అక్కడితో అయిపోలేదు. చనిపోయిన కుర్రాడి తల్లి క్లబ్బు మీద సివిల్ కేసు వేసింది. 2018లో జ్యూరీ రెండున్నర కోట్ల డాలర్లు ఇమ్మంది, తప్పులో 52 శాతం బ్రెంట్‌ది, 48 శాతం క్లబ్బుది అంది. ఆ 48 చూశావా? ఇక్కడ 50 దాటితే అవతలివాడి వాటా కూడా మన దగ్గరే వసూలు చెయ్యొచ్చు. దాటకపోతే మన వాటా వరకే. క్లబ్బు గీతకి రెండడుగుల ఇవతల ఆగిందన్నమాట. అయినా ఆ వాటా ఎంతవుతుందో నువ్వే లెక్కెయ్, కామర్స్ చదివింది నువ్వు కదా.

టెక్సాస్‌లోనే కార్పస్ క్రిస్టీ అనే ఊళ్లో ఇంకో బారు మీద 2021లో వచ్చిన తీర్పు 301 బిలియన్ డాలర్లు. మిలియన్లు కాదురా, బిలియన్లు. అక్కడ తాగి వెళ్లినవాడు గుద్దితే ఒక పెద్దావిడా ఆమె మనవరాలూ చనిపోయారు. అంత డబ్బు ఎవరూ కట్టలేరని జ్యూరీకీ తెలిసే ఉంటుంది, కడుపుమండి రాసిన అంకెలా ఉంది అది.

ఇప్పుడు పోయిన శనివారం సంగతి. ఎనిమిది మంది పుట్టినరోజు పార్టీకి వచ్చారు, అందులో ఒకాయన మనవాడే, మాటలో నెల్లూరు యాస. ఏడూ ఇరవైకి మొదటి డబుల్, తొమ్మిదిన్నరకి ఐదోది. నాకు ఇవన్నీ ఎలా తెలుసంటే కంప్యూటర్లో బిల్లు మీద నిమిషాలతో సహా పడతాయి, కోర్టులో మొట్టమొదట అడిగేది ఆ కాగితమే, తర్వాత సీసీ కెమెరా. ఆరోది అడగడానికి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. కార్డు తిరగేసి పెట్టాడు, మళ్లీ తిరగేసి పెట్టాడు, తర్వాత డ్రైవింగ్ లైసెన్స్ తీసి మెషిన్లో దూర్చబోయాడు. కౌంటర్లో ఉన్న మా కార్లోస్ నా వైపు చూశాడు. నేను వెళ్లి "అన్నా, ఇంక చాలు, మజ్జిగ తెప్పిస్తా" అన్నా. "తెలుగోడివై ఉండి నాకే లేదంటావా, డబ్బులు ఇవ్వట్లేదా నేను?" అని హాలంతా వినపడేలా అరిచాడు. చేతులు వణికాయిరా, అబద్ధం ఎందుకు. ఫ్యామిలీలు తినడం ఆపి చూస్తున్నారు. చివరికి వాళ్ల తోడల్లుడు వచ్చి తాళాలు లాక్కుని ఊబర్ బుక్ చేశాడు. కారు రాత్రంతా మా పార్కింగ్‌లోనే ఉంది.

ఈ బాధ్యత నుంచి బయటపడే దారి కూడా చట్టమే ఇచ్చింది. పోసేవాళ్లందరి చేతా టీఏబీసీ (టెక్సాస్ మద్యం కమిషన్) ఒప్పుకున్న ట్రైనింగ్ చేయించాలి, వాళ్లు నిజంగా చేసి ఉండాలి, తప్పు చెయ్యమని ఓనర్ ఎగదోయకూడదు. అప్పుడు పనివాడు చేసిన పొరపాటు ఓనర్ మెడకి చుట్టుకోదు. ఆన్‌లైన్లో చేసెయ్యొచ్చు, రెండేళ్లకోసారి మళ్లీ చెయ్యాలి. నాకు నచ్చనిది ఇక్కడే. సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని, మూసేవేళకి మాత్రం "ఇంకో రౌండ్ అమ్మండ్రా" అని సైగ చేసేవాళ్లు ఉంటారు. ఆ సైగ బయటపడితే కాగితం చెల్లదు, కానీ సైగకి సాక్ష్యం ఎవడు చెబుతాడు? పైగా నేనే పోస్తుంటాను సగం రోజులు, కాబట్టి నాకు ఆ గొడుగు ఎంత దాకా పడుతుందో లాయర్నే అడగాలి. మామూలు జనరల్ లయబిలిటీ పాలసీ ఉంది కదా అంటావేమో, మందు అమ్మే వ్యాపారాలకి అందులో ఈ ముక్క తీసేస్తారు, విడిగా కొనాల్సిందే. ఆ వరస అదే.

ఇళ్లల్లో పార్టీల సంగతి వేరు. టెక్సాస్‌లో ఇంటికి పిలిచి పెద్దవాళ్లకి పోస్తే ఈ బాధ్యత లేదు, పిల్లలకి పోస్తే ఉంది. న్యూజెర్సీలో అలా కాదు, 1984లోనే అక్కడి సుప్రీంకోర్టు ఇంటాయన్ని కూడా లాగింది. అక్కడి ఎడిసన్‌లో ఉండే మా బావ గృహప్రవేశానికి బాటిళ్లు పెట్టి, వచ్చేవాళ్ల కారు తాళాలు గుమ్మం దగ్గర ఇత్తడి పళ్లెంలో వేయించుకుంటాడు. అప్పుడు నవ్వుకున్నాం గానీ తెలివైనవాడు.

నువ్వేమో మన దగ్గర ఇవన్నీ ఉన్నాయా అంటావు. మన దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడిపేవాడు దొరుకుతాడు, గొట్టం వాడి నోట్లోనే పెడతారు. పోలీసులు కాసే రోడ్డుకి ఫర్లాంగు దూరంలో పర్మిట్ రూమ్‌లో కూర్చోబెట్టి పోసినవాడిని ఎవరు అడిగారు? బెల్టు షాపు సంగతి సరేసరి. మా వీధి చివర వెంకటేశ్వర్లు మావయ్యని గుద్దినవాడు ఏ షాపు ముందు నుంచి లేచాడో ఊరంతటికీ తెలుసు, నీకూ తెలుసు. ఆ షాపువాడు మర్నాడు పరామర్శకి కూడా వచ్చాడు, గుర్తుందా? టీ తాగి వెళ్లాడు.

కాబట్టి ఆ వరస కొట్టెయ్యను. కావాలంటే నీ వాటా లాభంలోంచి కాకుండా నాదాంట్లోంచి తీస్తా, షీట్ మార్చి మళ్లీ పంపుతా.

అన్నట్టు ఆ నెల్లూరాయన ఆదివారం మధ్యాహ్నం కారు కోసం వచ్చాడు. నా మొహం చూడలేదు. రెండు మటన్ బిర్యానీలు పార్శిల్ చెప్పి, కార్డు సరిగ్గా పెట్టి, "రైతా ఇంకొంచెం వెయ్యమనండి" అన్నాడు. వేయించా.

పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ,
మధు