అమ్మా, ముందు మరిదిగారికి పరీక్ష చేయించండి

మాంచెస్టర్

అమ్మా,

నువ్వూ నాన్నా కులాసా అనుకుంటాను. పిల్లలు కలగాలని చెల్లిని సింహాచలం తీసుకెళ్లి కప్పస్తంభం కౌగిలించుకోమన్నావట, మంచి పని చేశావు. అప్పన్న దయ ఉండాల్సిందే. కానీ దానికి మళ్లీ స్కానింగ్, మళ్లీ రక్తపరీక్షలు అన్నావు చూడు, అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో ఈ మాటలు కుదరవని రాస్తున్నాను.

మరిదిగారికి ఇంతవరకూ ఒక్క పరీక్షయినా చేయించారా? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ల వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. సిమెన్ టెస్టుకి, అంటే వీర్యపరీక్షకి, సూదిపోటు ఉండదు, ఖర్చూ తక్కువే. చెల్లికేమో గర్భసంచిలోకి మందు ఎక్కించి, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రే కూడా తీశారు. నొప్పితో ఆ రోజంతా లేవలేదట. ఇదేం న్యాయం? ఆయన వీర్యకణాల కౌంట్ బాగా తక్కువుంటే చెల్లి ఎన్ని మాత్రలు మింగి ఏం లాభం? అలాంటివాళ్లకే ఇక్సీ ఉంది. ఒకే ఒక్క వీర్యకణాన్ని సన్నటి సూదితో అండంలోకి పంపిస్తారు. 1992 నుంచే ఆ పద్ధతిలో పిల్లలు పుడుతున్నారు.

ఐవీఎఫ్ అంటే చెల్లి అత్తగారు హడలిపోతున్నారట కదా. అండాన్నీ వీర్యకణాన్నీ బయట ల్యాబ్‌లో కలిపి, ఆ పిండాన్ని గర్భసంచిలో పెట్టడమే అది. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది మా పక్కనే ఉన్న ఓల్డ్‌హామ్‌లో, 1978 జులైలో. ఆ అమ్మాయి పెద్దయ్యాక ఏ చికిత్సా లేకుండానే తల్లయింది. ఆవిడకి ఈ మాట చెప్పు.

అలాగని తేలికేం కాదమ్మా. మా పక్క ఫ్లాట్‌లోని గుంటూరు అమ్మాయి ఐవీఎఫ్ చేయించుకుంటే, దానికి కావలసిన ఇంజెక్షన్లు నేనే చేశాను. ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసి, బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, రోజూ రాత్రి ఒకే టైముకి. పొట్ట మీద ఎక్కడ చూసినా కమిలిన మచ్చలే. పిండం పెట్టాక రక్తపరీక్ష దాకా దాదాపు రెండు వారాలు ఆగాలి, ఆ టెన్షన్ ఇంజెక్షన్ల కంటే ఎక్కువ. మొదటిసారి నిలవలేదు. మెట్లెక్కావు, బరువులెత్తావు అని వాళ్లింట్లో అంటే ఎంత ఏడ్చిందో! పిండం పెట్టాక మంచం దిగకూడదని ఏమీ లేదు. రేపు చెల్లికి ఆ అవసరమే వస్తే, మన ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాకూడదు.

ఏ ఆసుపత్రికి వెళ్లినా ఇలాంటి సంతాన చికిత్సల కోసం వచ్చిన 2021 చట్టం కింద రిజిస్టరై ఉందా అని అడగండి. గ్యారంటీగా పిల్లలు పుడతారని చెప్పేచోట డబ్బు కట్టొద్దు. మరిదిగారితో నాన్న మాట్లాడితే ఇబ్బంది పడతారేమో, మా ఆయన ఆదివారం ఫోన్ చేస్తానన్నారు. రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపించు.

నీ
పెద్దమ్మాయి