నలుగురిలో ముగ్గురు వద్దన్నా గెలుపేనా?

సంపాదకులకు నమస్కారం.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను, ఉండేది హనుమకొండలో. 2019 జనవరిలో పరకాల వైపు ఒక ఊళ్లో సర్పంచ్ ఎన్నికల డ్యూటీ పడింది. ఒంటిగంటకు పోలింగ్ అయిపోయింది. రెండింటికి బడి గదిలోనే బెంచీలు జరిపి, బ్యాలెట్లను పాతికేసి కట్టలు కడుతూ లెక్కించాం. బరిలో ఐదుగురు. గెలిచినాయనకు వచ్చినవి పోలైన ఓట్లలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. రెండో ఆయన పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

సామాను సర్దుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒక అవ్వ ఆపి అడిగింది: "సారూ, ఊళ్లె శానమంది ఆయన వద్దనే ఓటేసినం గదా, మరి ఆయనెట్ల గెలిచిండు?" "ఓట్లు చీలినయవ్వా" అని బస్సెక్కాను. పిల్లలకు ఏళ్ల తరబడి శాతాలు నేర్పినవాణ్ని, ఆమెకు అంతకుమించి చెప్పలేకపోయాను. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతూనే ఉంది.

ఎందుకంటే అవ్వ లెక్కే కరెక్టు. మన రూలు ప్రకారం పక్కవాడికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, సగం దాటాలన్న షరతు లేదు. పోటీలో ఎంత ఎక్కువమంది ఉంటే అంత తక్కువ ఓట్లతో గెలవచ్చు. అందుకే ఎదుటివాడి కులం నుంచో, వాడకట్టు నుంచో ఇంకొకరిని ఖర్చు పెట్టి నిలబెడతారు. తన ఓట్లు పెంచుకోవడం కంటే అవతలివాడి ఓట్లు చీల్చడం చవక.

ఊళ్లోనే కాదు, పైన కూడా ఇంతే. 2014లో తెలంగాణ తొలి ప్రభుత్వం సుమారు 34 శాతం ఓట్లతో, 119లో 63 సీట్లతో వచ్చింది. 2023లో కాంగ్రెస్‌కు 39 శాతం పైచిలుకు ఓట్లతో 64 సీట్లు వస్తే, 37 శాతం దాటిన బీఆర్ఎస్‌కు 39 సీట్లే దక్కాయి. 2014లోనే కేంద్రంలో బీజేపీకి 31 శాతం ఓట్లతో 282 సీట్లు వచ్చాయి. అదే ఎన్నికలో ఉత్తరప్రదేశ్‌లో దాదాపు 20 శాతం ఓట్లు తెచ్చుకున్న బీఎస్పీకి ఒక్క సీటూ రాలేదు. నేను ఏ పార్టీనీ తప్పుపట్టడం లేదు. అందరూ ఉన్న రూలు ప్రకారమే గెలిచారు. ఆ రూలునే మార్చమంటున్నాను.

వేరే పద్ధతి మనకు తెలియనిదేం కాదు. వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో మేం 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తాం. ఎవరికీ సగం రాకపోతే అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినీ తీసేస్తూ, వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం మిగతావారికి కలుపుతారు. 2021లో 71 మంది పోటీలో ఉంటే నల్లగొండలో ఆ లెక్కింపు రోజుల తరబడి సాగింది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి గారిపై వి.వి. గిరి గారి గెలుపు తేలింది కూడా రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపాకే.

అయినా సర్పంచ్ ఎన్నికకు ఇది పెట్టమని నేను అడగను. డిగ్రీలు చదివినవాళ్లవే వేల ఓట్లు చెల్లకుండా పోయాయి. ఇక అంకెలు రాయమంటే ఆ అవ్వ ఓటు దక్కుతుందా? ఫ్రాన్స్‌లో అధ్యక్ష ఎన్నికకు పాటించే పద్ధతి మన ఊళ్లకు నయం. అక్కడ ఎవరికీ సగం రాకపోతే మొదటి ఇద్దరికే రెండు వారాల తర్వాత మళ్లీ పోలింగ్ పెడతారు. గుర్తు మీద ముద్ర వేయడం అవ్వకు తెలిసిన పనే.

ఖర్చవుతుంది, నిజమే. మా టీచర్లకు ఇంకో రోజు డ్యూటీ, ఇంకో రోజు టెన్షన్. ఐదేళ్లు ఊరి నిధుల మీద సంతకం పెట్టే మనిషిని ఎన్నుకోవడానికి అది ఎక్కువేం కాదు. పైగా దీనికోసం ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. సర్పంచ్‌ను ఎలా ఎన్నుకోవాలో నిర్ణయించే అధికారాన్ని రాజ్యాంగంలోని 243సి అధికరణం రాష్ట్ర శాసనసభకే ఇచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టాన్ని సవరిస్తే సరిపోతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా ఎమ్మెల్యేలు ఒక్కొక్కరినీ మీ విలేకరులు ఈ సంగతి అడిగి, వారి జవాబులు మా జిల్లా పేజీలో వేయాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ గణిత ఉపాధ్యాయుడు, హనుమకొండ