వార్షిక నివేదిక: గనుల అధికారి అడవి లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే కళకళలాడాయి. ఫోటోలు మీకు ఇదివరకే పంపాం, జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు మన పఠన బృందానికి ఇస్తున్నాను. జర్మనీలో మనం ఉంటున్న ఈ సాక్సనీ నేల మీదే పుట్టి పనిచేసిన గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ గురించి ఈ ఏడాది చదివాం.

1645లో కెమ్నిట్జ్ దగ్గరి రాబెన్‌స్టైన్ కోటలో, ప్రభువంశంలో పుట్టారాయన. తండ్రి కూడా పాలకుల దగ్గర అడవులు, వేట చూసుకునే అధికారే. యేనాలో చదివి, కొన్నేళ్లు యూరప్ చుట్టివచ్చారు. 1666లో లండన్ తగలబడినప్పుడు అక్కడే ఉన్నారు. 1677లో వెండి గనులున్న ఫ్రైబెర్గ్‌లో గనుల శాఖకు ఉప అధిపతి అయ్యారు. పూర్తి అధిపతి పదవి 1711కి గానీ దక్కలేదు.

అప్పుడు సాక్సనీలో బలశాలి అగస్టస్ అనే ప్రభువు పాలన. డ్రెస్డెన్ దర్బారు ఆడంబరానికి వెండి కావాలి, వెండికి కలప కావాలి. సొరంగం కూలకుండా దుంగలు, కొలిమికి కట్టెబొగ్గు. చుట్టుపక్కల కొండలు బోడి అవుతుంటే దూరపు అడవుల నుంచి నదుల్లో దుంగలు తేలేసి తెప్పించేవారు.

మన బృందం ఫ్రైబెర్గ్ గని చూడటానికి లోపలికి దిగినప్పుడు ఈ సంగతి బాగా అర్థమైంది. పైకప్పుకు ఊతంగా నిలబెట్టిన తడి దుంగల్ని తడిమి చూస్తూ, కొత్తగూడెం నుంచి వచ్చిన మన సభ్యుడొకరు చాలాసేపు కదల్లేదు. వాళ్ల నాన్న సింగరేణి బాయిలో టింబర్‌మన్‌గా చేశారట. కలప పని ఎంత రిస్కో, ఎంత ఓపిక కావాలో ఆయన చెబుతుంటే గైడ్ కూడా ఆగి విన్నాడు.

1713లో లైప్‌జిగ్‌లో అచ్చయిన కార్లోవిట్జ్ అడవుల గ్రంథం నాలుగు వందల పేజీల పైమాటే. పాత గోతిక్ అచ్చు చదవడం కష్టమే అయినా, విత్తనాల భాగం మాత్రం వదలబుద్ధి కాలేదు. విత్తనం ఎప్పుడు ఏరాలి, నేల ఎలా సిద్ధం చేయాలి, లేత మొక్కను ఎలా కాపాడాలి, అన్నీ రైతుకు చెప్పినంత ఓపికగా రాశారు. ఇళ్లు చలి చొరకుండా కట్టుకోమని, పొయ్యిలు మెరుగుపరచుకోమని కూడా చెప్పారు. అడవి కొట్టి పొలం చేస్తే ఏటా డబ్బు చేతికొస్తుందనే ఆశను గట్టిగా తప్పుపట్టారు.

ఆయన్ని ప్రకృతి ప్రేమికుడిగా చూపించడం నాకు నచ్చదు. గనులు ఆగిపోకూడదన్నదే ఆయన తపన. ఖజానా నింపాల్సిన మనిషే, అడవి పెరిగేంత మేరకే కొట్టమని, కొట్టిన చోట మళ్లీ నాటమని రాయడం నాకు చాలా పెద్ద విషయం. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1714 మార్చిలో, ఫ్రైబెర్గ్‌లోనే కన్నుమూశారు.

వచ్చే ఏడాది విత్తనాల భాగాన్ని తెలుగులోకి తేవాలని కార్యవర్గం నిర్ణయించింది. పాత జర్మన్ అచ్చు చదవగలిగినవాళ్లు, అటవీశాస్త్రం చదివినవాళ్లు దయచేసి కార్యదర్శికి తెలియజేయండి.