క్యారవాన్ షెడ్డుకు కొలతలు

సంపాదకులకు నమస్కారం.

మేడారం జాతరకూ, రామప్ప, లక్నవరం యాత్రలకూ ఇంటిల్లిపాదీ వెళ్లడానికి పడకలు, వంట వసతి అమర్చిన క్యారవాన్ కొనదలచినవారు దాని షెడ్డు విషయంలో తొందరపడవద్దని మనవి. కంపెనీ కాగితాల్లోని ఎత్తులో మనం తర్వాత పైన బిగించే ఏసీ, సోలార్ పలకలు ఉండవు. వెడల్పులో పక్క అద్దాలు చేరవు. కాబట్టి అవన్నీ బిగించిన బండినే టేపుతో కొలిపించాలి.

చట్టం బండి వెడల్పును 2.6 మీటర్లకు, అంటే సుమారు ఎనిమిదిన్నర అడుగులకు పరిమితం చేసింది. తలుపు తీసుకుని దిగడానికి ఇరువైపులా మూడేసి అడుగులు వదిలితే షెడ్డు వెడల్పు పద్నాలుగున్నర అడుగులవుతుంది. ఎత్తు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. చూడాల్సింది స్లాబు ఎత్తు కాదు, షట్టర్ పూర్తిగా లేచాక దాని కింద మిగిలే ఖాళీ. పైగా, వీధి కంటే ఇంటి మట్టం ఎత్తుగా ఉన్నచోట బండి ర్యాంపు ఎక్కుతున్నప్పుడు ముందుభాగం పైకి లేచి, చదును నేల మీద సరిపోయిన ఎత్తే ద్వారం పైనుండే లింటెల్ దూలానికి తగులుతుంది. ర్యాంపును వీలైనంత ఏటవాలు తగ్గించి కట్టించడమే దీనికి మందు.

హన్మకొండ కాలనీల్లోని ఇరుకు సందుల్లో బండి మలుపు తిరుగుతుందో లేదో పునాది తీయకముందే నడిపి చూడాలి. ఇంటి ప్లాన్ గీసే ఇంజినీర్లు కూడా యజమానిని ఈ కొలతలు ముందే అడగాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హన్మకొండ